అద్దె రూమ్ గోడకు ఏదైనా తగిలించాలంటే: మొల, స్టిక్కర్ హుక్, డ్రిల్... దేనితో డ్యామేజ్ తక్కువ?

ఈ రోజు టాపిక్ చిన్నదే, కానీ డబ్బులతో పని. రూమ్ ఖాళీ చేసేటప్పుడు గోడలు చూసి అడ్వాన్స్‌లో కట్ చేస్తారు కదా, దాని గురించి.

బీటెక్ టైమ్‌లో ఇబ్రహీంపట్నంలో ముగ్గురం ఒక రూమ్‌లో ఉండేవాళ్లం. షేరిగూడ, మంగల్‌పల్లి వైపు అన్నీ ఇంజనీరింగ్ కాలేజీలే కాబట్టి ఇక్కడ అద్దె రూమ్‌లకు కొదవ లేదు. అద్దం తగిలిద్దామని మొల కొడితే నాలుగోసారికి నిలబడింది. ముందు కొట్టిన మూడు చోట్లా అరచేయంత గిలాబు పెచ్చు ఊడిపోయింది. ఖాళీ చేసే రోజు ఓనర్ అంకుల్ 1,500 పట్టుకున్నారు. అప్పుడు తిట్టుకున్నాం కానీ, నిజం చెప్పాలంటే తప్పు మాదే.

మొల రంధ్రం చేయదు, పక్కకు నెట్టుకుంటూ లోపలికి పోతుంది. చెక్క అయితే సర్దుకుంటుంది. సిమెంటు గిలాబుకు ఆ గుణం లేదు, పగులుతుంది. గిలాబు మందం అర అంగుళం అటూఇటూ, దాని వెనక ఇటుక. సుత్తి దెబ్బకు రెండింటి మధ్య పట్టు వదిలితే పెచ్చు ఊడుతుంది.

"అన్నా, స్టిక్కర్ హుక్ పెడితే సరిపోతుంది కదా" అంటారు. టైల్స్ మీద, అద్దం మీద సూపర్. కానీ అద్దె రూమ్ గోడలకు ఎక్కువగా సున్నమో డిస్టెంపరో ఉంటుంది. జిగురు పట్టుకునేది ఆ పైపొరను, గోడను కాదు. పీకినప్పుడు పెయింట్, కింద పుట్టీ కలిసి వస్తాయి. హోల్ లేదు కదా అని మనం సంబరపడతాం, ఓనర్‌కు కనిపించేది ఇంత పెద్ద మచ్చ. అందుకే నా మాట: కాస్త బరువున్న వస్తువుకు పద్ధతిగా వేసిన ఒక్క 6 ఎంఎం హోల్, అన్నిటికంటే తక్కువ డ్యామేజ్.

డ్రిల్ మిషన్ కొనక్కర్లేదు, తెలిసిన ఎలక్ట్రీషియన్ అన్నను అడగండి. గోడలకు వాడే మేసనరీ బిట్, 6 ఎంఎం ప్లాస్టిక్ ప్లగ్, 2 అంగుళాల 8 నంబర్ స్క్రూ తీసుకోండి. ఈ ప్లగ్‌ను షాపులో కొందరు గిట్టీ అంటారు, కొందరు ఫిషర్ అంటారు. జర్మనీలో ఆర్థర్ ఫిషర్ 1958లో చేసిన డిజైన్ అది, ఆయన పేరే వస్తువు పేరైపోయింది. స్క్రూ తిప్పే కొద్దీ ప్లగ్ లోపల ఉబ్బి ఇటుకను గట్టిగా పట్టుకుంటుంది.

హోల్ లోతు 45 ఎంఎం. బిట్ మీద అంత దూరంలో టేప్ చుట్టుకుంటే గుర్తుంటుంది. ఎందుకంత? ప్లగ్ మొత్తం గిలాబు దాటి ఇటుకలో కూర్చోవాలి. గిలాబులోనే ఉబ్బితే మళ్లీ పెచ్చే! మొదట హ్యామర్ మోడ్ ఆఫ్‌లోనే పెట్టండి. ఎర్ర ఇటుకకు చాలాసార్లు అది లేకుండానే పని అయిపోతుంది.

ఇక నాకు చాలా ఇష్టమైన ట్రిక్: పొడి రంగు చూడండి. మొదట తెల్లగా, బూడిదగా వస్తుంది, అది పుట్టీ, గిలాబు. తర్వాత ఎర్రగా వస్తే ఇటుకలోకి వెళ్లినట్టే, హ్యాపీ. ఎర్ర ఇటుక గోడలో కూడా బూడిద రంగే వస్తూ, బిట్ సులువుగా దిగిపోతుంటే రెండు ఇటుకల మధ్య సిమెంటు వరసలో పడ్డారు. అక్కడ పట్టు తక్కువ, క్యాలెండర్‌కు ఓకే, అద్దానికి వద్దు. బూడిద రంగు వస్తూ బిట్ అసలు కదలకపోతే కాంక్రీటు పిల్లరో బీమో అయి ఉంటుంది, ఆపేయండి. ఫ్లై యాష్ ఇటుకల ఇల్లయితే మాత్రం పొడి మొత్తం బూడిదే, ఈ ట్రిక్ పని చేయదు.

ఒక్కటి సీరియస్‌గా చెప్తున్నా. స్విచ్ బోర్డుకు నేరుగా పైన, కింద, పక్కన డ్రిల్ పెట్టొద్దు, వైర్ల పైపు అటే పోతుంది. బాత్రూమ్ గోడ అయితే అవతల కుళాయి ఎక్కడుందో కూడా చూసుకోండి. 4 అంగుళాల గోడ అంటే ఇవతలి హోల్‌కు అవతలి పైపు దగ్గరే.

గిలాబు చేయని గోడ అయితే లెక్క మారుతుంది. ఇటుకకు హోల్ పెడితే ఆ గుర్తు ఎప్పటికీ కనిపిస్తుంది, అంచు దగ్గర పెడితే ఇటుక చిట్లుతుంది కూడా. సిమెంటు వరసలో పెడితే తర్వాత మళ్లీ సిమెంటు నింపేయొచ్చు. అందుకే అక్కడ తేలికైన వాటికి వరసే బెస్ట్. బరువైనదైతే ఇటుక మధ్యలో, ఒక్కసారే.

ఖాళీ చేసేటప్పుడు స్క్రూను సగం బిగించి ప్లేయర్‌తో లాగితే ప్లగ్ దానితో పాటే వస్తుంది. పుట్టీని రెండు విడతల్లో నింపండి, ఆరితే కుంగుతుంది కాబట్టి. తర్వాత సన్న ఎమిరీ పేపర్‌తో రుద్ది, ఓనర్ దగ్గర మిగిలిన పెయింట్ అడిగి ఒక చుక్క అద్దండి. ఇవన్నీ ఆఖరి రోజు రాత్రికి పెట్టుకోవద్దు, వారం ముందే చేయండి. అన్నట్టు, రూమ్‌లో దిగిన రోజే నాలుగు గోడలూ ఫోన్‌లో ఫోటో తీసి ఓనర్‌కు వాట్సాప్ చేసేయండి. పాత హోల్స్‌కు మీరెందుకు కట్టాలి?