కన్నుకు కన్నే కాపలా

నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందంటారు. భూపాలపల్లి సింగరేణి గనుల నుంచి ఆ నల్లరాయినే మోసుకొచ్చే లారీలకూ దిష్టి భయం తప్పలేదు. బంపర్‌కు నిమ్మకాయ, మిరపకాయల దండ, పక్కనే పాత చెప్పు, వెనకవైపు గుడ్లురిమే రాక్షసుడి బొమ్మ.

దిష్టి విరుగుళ్లలో ఓ తమాషా ఉంది. చెడుచూపు పడుతుందని ఎవరూ దాక్కోరు. ఆ చూపును తన వైపు లాక్కునేదాన్ని ఎదురుగా నిలబెడతారు. తుర్కియేలో గుమ్మాలకు వేలాడే నీలి గాజు కన్ను చేసే పనీ అదే.

మహబూబాబాద్ జిల్లా లంబాడీ తండాల్లో పెద్దవయసు ఆడవాళ్లు తొడిగే కాంచళి రవికను దగ్గరగా చూడండి. గోరంత అద్దంబిళ్లల చుట్టూ దారం బిగించి కుట్టి ఉంటుంది, అంచున గవ్వలు. ఎండలో నడిచొస్తుంటే ఎదుటివాడి కళ్లు చెదరాల్సిందే. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊళ్లు తిరిగిన జాతికి గుమ్మం ఎక్కడిది? కాపలా ఒంటిమీదే పెట్టుకున్నారనిపిస్తుంది. పశువులకు మాత్రం శీత్లా భవానీ ఉంది. ఆషాఢంలో ఆ తల్లిని కొలిచి, రోగాలు సోకొద్దని మందను ఆమె ముందు నుంచి దాటిస్తారు.

గుళ్లలోనూ ఇలా చూపును ఎదిరించే రూపాలకు కొదవలేదు. అదే జిల్లాలోని కురవి వీరభద్రుడికి మూడు కళ్లు, పది చేతులు, పైగా కోరమీసం. రాష్ట్రం వస్తే ఇస్తానన్న మొక్కు తీరుస్తూ 2017 ఫిబ్రవరిలో అప్పటి ముఖ్యమంత్రి కె.చంద్రశేఖరరావు ఇక్కడ బంగారు మీసం సమర్పించారు. భూపాలపల్లి జిల్లా గణపురం కోటగుళ్లలోనైతే కాకతీయ శిల్పులు ఏనుగులపై స్వారీ చేసే సింహాకారాలను నిలబెట్టారు.

దిష్టి మీద నమ్మకం ఎంతున్నా, పిల్లాడికి జ్వరమొస్తే తాయెత్తు కట్టినా సరే, దవాఖానకు తీసుకుపోవాల్సిందే. ఇందులో నాకు మొహమాటం లేదు.

ఈ కాపలా కళ్లను మలిచే చేతిపని చూడాలంటే జనగామ పక్కనున్న పెంబర్తికి వెళ్లాలి. ఇక్కడి ఇత్తడి పనికి 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది. రేకును లక్క మీద పరిచి, వెనక నుంచి ఉలితో కొడుతూ కొడుతూ కనుగుడ్లను ఉబికిస్తారు. ఒక్క దెబ్బ ఎక్కువైతే రేకు చిరుగుతుంది. గుడి మకరతోరణం నడినెత్తిన కోరలతో చూసే కీర్తిముఖం అలా పుడుతుంది. ఇప్పుడదే ముఖం పట్నం ఫ్లాట్లలో సోఫా వెనక గోడకెక్కుతోంది. లోపల కూర్చుని ఎవరి దిష్టి ఆపుతుందో, చుట్టాలదేనేమో! గుమ్మం మీద దాని చోటు సీసీ కెమెరా తీసుకుంది.