ఎవరి పక్షం?

సూపర్‌మ్యాన్ గొప్పవాడా, స్పైడర్‌మ్యాన్ గొప్పవాడా? ఉదయగిరిలోనైనా, ఆత్మకూరులోనైనా సండేస్కూలు పిల్లలను అడిగి చూడండి, తరగతి రెండుగా చీలిపోతుంది. 1938లో పుట్టిన సూపర్‌మ్యాన్ డీసీ వారి వీరుడు. 1962లో వచ్చిన స్పైడర్‌మ్యాన్ మార్వెల్ వారి వీరుడు. ఆ పోటీ సంస్థలే 1976లో ఇద్దరినీ ఒకే పుస్తకంలోకి తెచ్చాయి. మొదట తలపడ్డ వీరులు చివరికి ఒక్కటై దుష్టులను ఎదిరించారు. (ఏ అభిమానినీ నొప్పించకూడదన్న వ్యాపారమూ అందులో ఉందనుకోండి!)

పిల్లల వాదన ఆటల వేళకు మరుగున పడుతుంది. పెద్దలమైన మనం 'మా అయ్యగారి ప్రసంగం ముందు మీ అయ్యగారెంత?' అని పోల్చుకుంటే మాత్రం మందిరాలే చీలుతాయి. కొరింథు సంఘంలో జరిగిందదే. కొందరు పౌలు పక్షం, కొందరు అపొల్లో పక్షం. మరి అపొల్లోను కొరింథుకు వెళ్లమని ఎంతగానో బతిమాలింది ఎవరో తెలుసా? పౌలే (1 కొరింథీ 16:12).