సాంఘికసేవలో స్థితిపరిశీలనము, కేసు నిర్వహణము: తిరువళ్ళూరు జిల్లా నిదర్శనములు

ఆపన్నులకు సాయపడుట మన సంఘమునకు క్రొత్త కాదు. అన్నసత్రములు, చలిపందిళ్ళు, ధర్మవైద్యశాలలు తరతరములుగా నడచుచున్నవి. అయితే ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుట వేఱు. అతడేల ఆకలిగొనెనో తెలిసికొని, రేపటి ఆకలిని తప్పించు మార్గమును అతనితో కలసి వెదకుట వేఱు. ఈ రెండవ పని నేడొక శాస్త్రముగా రూపొందియున్నది. ఇందు రెండంగములు కలవు. సహాయార్థి స్థితిగతులను సమగ్రముగా గ్రహించుట స్థితిపరిశీలనము. అతని అక్కఱలను తీర్పగల వేర్వేఱు కార్యాలయములను, సంస్థలను సమన్వయపఱచి, పని ముగియువఱకు ఒకరు బాధ్యత వహించుట కేసు నిర్వహణము.

అమెరికాలో మేరీ రిచ్మండ్ 1917లో ప్రకటించిన ‘సోషల్ డయాగ్నోసిస్’ అను గ్రంథము ఈ విద్యకు పునాది. మన దేశమున 1936లో బొంబాయి నగరమున సర్ దొరాబ్జీ టాటా పేర దీనికి తొలి విద్యాలయము వెలసినది. మదరాసున 1952లో మేరీ క్లబ్‌వాలా జాదవ్ కృషిచే మదరాసు స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ ఏర్పడినది. 1937లో మదరాసున ఆంధ్ర మహిళా సభను స్థాపించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ప్రథమాధ్యక్షురాలైరి. కావున ఈ విద్య తెలుగువారికి పరాయిది కాదు.

స్థితిపరిశీలనమునకు ప్రథమ సూత్రము, వర్గమును గాక వ్యక్తిని చూడవలెననుట. దీనికి విరుద్ధమైన పద్ధతి ఎంత హాని చేయునో మన చరిత్రయే చెప్పుచున్నది. 1871లో పుట్టి, 1911లో మదరాసు రాజధానికి విస్తరించిన నేరస్థ జాతుల చట్టము, పుట్టుకనుబట్టియే మనుష్యులను నేరస్థులుగా లెక్కించినది. ఎఱుకలు, నెల్లూరు ప్రాంతపు యానాదులలో కొందరు ఈ చట్టమునకు గురియైరి. అచట ఒక్కొక్కని కథ ఎవరును అడుగలేదు, జాతిపేరే తీర్పయ్యెను. యానాదుల మేలుకై జీవితమును ధారవోసిన నెల్లూరు వాసి వెన్నెలకంటి రాఘవయ్య వారి జీవనమును దగ్గఱనుండి చూచి, 1962లో వారినిగూర్చి ఆంగ్లమున ఒక గ్రంథమును ప్రకటించిరి. మదరాసు రాష్ట్రమున 1947లోను, దేశమంతట 1952లోను ఆ చట్టము రద్దయినది. చట్టము పోయినను, పేరు వినగానే మనిషిని నిర్ణయించు అలవాటు పోవుట సులభము కాదు.

ఇక కాట్టుపల్లి వంక చూతము. ఇది తిరువళ్ళూరు జిల్లా పొన్నేరి తాలూకాలోని సముద్రతీర గ్రామము. ఒక ప్రక్క కడలి, వేఱొక ప్రక్క బకింగ్‌హాం కాలువ. ఉత్తరమున తెలుగువారు ప్రళయకావేరి యని పిలుచుకొనిన పులికాటు సరస్సు, దక్షిణమున ఎన్నూరు కయ్య. నౌకాశ్రయములు వచ్చిన పిదప ఈ తీరపు బ్రదుకు తీరు మాఱినది. ఇచటి నీళ్ళలో పడవలపై వేటకుపోవు బెస్తలే గాక, పడవయు వలయు లేక నీటిలో దిగి చేతులతో రొయ్యలు పట్టు ఇరుళ కుటుంబములును కలవు. ఇరుళులు తమిళనాట అత్యంత బలహీన గిరిజన వర్గములుగా గుర్తింపబడిన ఆఱింటిలో ఒకరు.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వేళ వఱదనీటితో చమురు కొట్టుకొనివచ్చి ఎన్నూరు కయ్యను ముంచినది. ప్రభుత్వము 2,301 మత్స్యకార కుటుంబములకు 12,500 రూపాయల చొప్పునను, 6,700 కుటుంబములకు 7,500 చొప్పునను, 787 పడవలకు 10,000 చొప్పునను సాయము ప్రకటించినది. ఆపత్కాలమున ఇట్టి పట్టికలు అవసరమే. అయితే పడవను లెక్కించు పట్టికలో పడవలేనివాడు కానరాడు. సంఘ సభ్యత్వమును అడుగు పత్రములో సభ్యుడు కానివాడు చేరడు. పడవ దెబ్బతిన్నచో మరమ్మతు చేయవచ్చును. చేతులే పనిముట్లయినవానికి నీరు పాడైన దినముననే కూడు పోవును. ఈ భేదము పట్టికవలన గాక, ఇంటికిపోయి మాటలాడుటవలన మాత్రమే తెలియును.

గృహసందర్శనమున పరిశీలింపవలసినవి అనేకములు. ఇంట ఎందఱు, సంపాదించువారెవరు, ఏ నెలలలో పని ఉండదు, అప్పు ఎవరివద్ద, ఏ నియమముపై తెచ్చిరి, పిల్లలు బడికి పోవుచున్నారా, రోగులెవరు, చేత ఏ పత్రములున్నవి అని క్రమముగా అడుగవలెను. లేములతో పాటు బలములను గూడ వ్రాసికొనవలెను. రొయ్యల జాడ తెలిసిన నేర్పు, ఆపదలో నిలుచు చుట్టము, చదువుకొనుచున్న కూతురు కుటుంబమునకు ఆస్తులే. అన్నిటికంటె ముఖ్యముగా వారే దేనిని మొదట కోరుచున్నారో అడుగవలెను. కార్యకర్త ఇల్లు కావలెనని తలపవచ్చును. ఆ తల్లి బిడ్డకు కుల ధ్రువపత్రము కోరవచ్చును. గిరిజనులకు ఆ పత్రము లేనిదే చదువునకును, పథకములకును ద్వారము తెఱచుకొనదు.

కేసు నిర్వహణము ఏల ఆవశ్యకమో ఈ జిల్లాలోని వెట్టిచాకిరి విముక్తి తెలుపును. ఇటుక బట్టీలలోను, బియ్యపు మిల్లులలోను అడ్వాన్సు పేర కట్టుబడిన ఇరుళ కుటుంబములు పలుమాఱులు విడిపింపబడినవి. 1976 నాటి చట్టము ఆ అప్పును పూర్తిగా రద్దు చేయును; అది వెట్టి అప్పు కాదని ఋజువుచేయు భారమును అప్పిచ్చినవానిపైననే మోపును. 2016 నాటి కేంద్ర పథకము పురుషునకు లక్ష, స్త్రీలకును నిర్బంధశ్రమకు లోనైన పిల్లలకును రెండు లక్షలు, మిక్కిలి దారుణమైన సందర్భములలో మూడు లక్షల రూపాయలు విధించినది. తక్షణసాయము మొదట 20,000. పిదప 30,000 వఱకు పెరిగినది. పెద్దమొత్తము మాత్రము వెట్టి ఋజువైన పిదపనే అందును.

విడుదలపత్రము ఒక కార్యాలయమున, కుల ధ్రువపత్రము మఱొక చోట, బ్యాంకు ఖాతా వేఱొక చోట, రేషను కార్డు, ఇంటిస్థలపు పట్టా, పిల్లల బడి ఇంకొక చోట. చదువురాని కుటుంబము ఇన్ని గడపలు తిరుగుచుండ కూలి పోవును. కూలి పోగా మరల అడ్వాన్సు పుచ్చుకొనవలసివచ్చును. అనగా విడిపించినంతమాత్రమున విముక్తి సిద్ధింపదు. ఏ పత్రము ఎచట ఆగినదో వ్రాసియుంచుకొని, తేదీ ప్రకారము మరల పోయి అడుగు ఒక్క మనిషి కావలెను. 2022లో ఈ జిల్లాలో విముక్తులైన ఇరుళులు పరిపాలనాధికారుల తోడ్పాటుతో ‘సిరగు’ అను పేర ఇటుక బట్టీని తామే నడపసాగిరి. తమిళమున సిరగనగా ఱెక్క. అదే మట్టి, అదే నేర్పు. ఇటుక మాత్రము వారిదయ్యెను.

భాషను గూర్చి వేఱుగా చెప్పవలసియున్నది. ఎన్నూరు కడ కడలి గలియు కుశస్థలి నది, పడమట పళ్ళిపట్టు సీమను తడపుచు వచ్చునదే. ఆ సీమయు తిరుత్తణియు 1960 ఏప్రిలు 1 వఱకు ఆంధ్రప్రదేశమున చిత్తూరు జిల్లాలోనివి. నేటికిని అచట ఇంటిభాష తెలుగైన కుటుంబములు పెక్కు. కార్యాలయపు భాష తమిళము. దుఃఖము, అవమానము, అప్పు, రోగము అను విషయములను మనిషి ఇంటిభాషలోనే విప్పిచెప్పును. అన్యభాషలో అవును, కాదు అను రెండు మాటలతో ముగించును. ఆ రెండు మాటలే కాగితమున చేరినచో పరిశీలనము తప్పును; పరిశీలనము తప్పినచో సాయము దారితప్పును. రెండు భాషలు నేర్చిన తెలుగువారు, ముఖ్యముగా యువతీయువకులు, ఇచట చేయదగిన సేవ మిక్కుటము. కాని మధ్యవర్తియైనవాడు చెప్పినదానికి తన మాట చేర్పరాదు. విన్నదానిని వీథిలో చెప్పరాదు. చిన్న ఊరిలో రహస్యము బయటపడినచో ఆ కుటుంబము మరల ఏ గడపను తట్టదు.

కేసు ఎప్పుడు ముగియవలెననునది తుది ప్రశ్న. డబ్బు ముట్టినప్పుడు కాదు, కాగితము చేతికి వచ్చినప్పుడును కాదు. పనిలేని నెల వచ్చినను అడ్వాన్సు పుచ్చుకొనక ఇల్లు గడచినప్పుడు, పిల్లలు ఏడాది పొడుగునను బడిలో నిలిచినప్పుడు, తదుపరి కార్యాలయమునకు ఆ ఇంటివారు తామే పోయి అడుగగలిగినప్పుడు కార్యకర్త తన పుస్తకమున ఆ పుటను ముగింపవచ్చును.