కంప్యూటరులో మొట్టమొదటి ప్రోగ్రాము

ఇంటిలోని వైఫై పెట్టెకు కరెంటు పోయి తిరిగి వచ్చినపుడు దానిని ఎవరును నిద్ర లేపనక్కరలేదు. కొద్ది నిమిషములలో అది తనంతట తానే పనిలో ప్రవేశించును. బడిలోని కంప్యూటరును, వేలమందికి ఒకేసారి సమాధానము చెప్పు పెద్ద సర్వరును గూడ ఇట్లే మేల్కొనును. ఈ మూడింటిలోను లినక్స్ అను ఒకే మూలవ్యవస్థ ఉండవచ్చును. అయినను పనులను పంచి, పడిపోయిన పనిని తిరిగి నిలబెట్టు ప్రోగ్రాము మాత్రము మూడింటిలోను ఒకటి కాకపోవచ్చును. ఇట్టి ప్రోగ్రాములు ఓపెన్‌సోర్స్ రంగమున అనేకము కలవు. అనగా వాని మూలరచనను ఎవరైనను చదివి, మార్చి, పంచుకొనవచ్చును. ఒకటి చాలునన్న చోట ఇన్ని యెందుకు పుట్టినవి?

ఒకటవ సంఖ్య గల ప్రక్రియ

నడుచుచున్న ప్రోగ్రామును ప్రక్రియ అందురు. యంత్రమునకు విద్యుత్తు అందిన పిమ్మట కెర్నెల్ అను మూలభాగము మెమరీలోనికి వచ్చి, యంత్రభాగములను తన వశము చేసికొనును. తరువాత అది ఒకే యొక ప్రోగ్రామును ప్రారంభించి, దానికి 1 అను సంఖ్యను ఇచ్చును. దీనికి ఇనిట్ అని వాడుక పేరు. కెర్నెల్ తన సొంతపనులకు ఉంచుకొన్నవి తప్ప, తక్కిన ప్రక్రియలన్నియు దీని సంతతియే.

దీని బాధ్యతలు మూడు. మొదటిది, నెట్‌వర్కు, ముద్రణ, గడియారము సరిచూచుట మొదలైన సేవలను తగిన క్రమములో ప్రారంభించుట. రెండవది, తల్లి ప్రక్రియ ముందుగా ముగిసిపోయి, దిక్కులేక మిగిలిన ప్రక్రియలను సాధారణముగా ఇదియే దత్తత తీసికొనును. అవి ముగిసినపుడు వాని పద్దు కెర్నెల్ లెక్కలలో నిలిచిపోకుండ చూచును. మూడవది, తాను మాత్రము ఎన్నడును ముగిసిపోరాదు. ఒకటవ ప్రక్రియ మరణించినచో కెర్నెల్ యంత్రమునే నిలిపివేయును. కావున ఈ ప్రోగ్రాముపై ఎక్కువ పనులు మోపుట మంచిదా, కాదా అను ప్రశ్న సహజముగా పుట్టును.

పాత పద్ధతి

1983లో వెలువడిన యునిక్స్ సిస్టమ్ ఫైవ్ నుండి ఒక పద్ధతి ప్రచారములోనికి వచ్చినది. ప్రతి సేవకును ఆజ్ఞలను వ్రాసిన ఒక స్క్రిప్టు ఉండును. ఇనిట్ ఏర్పాటు ప్రకారము ఆ స్క్రిప్టులు సంఖ్యల వరుసలో ఒకదాని తరువాత ఒకటిగా నడచును. లినక్స్ యంత్రములు చాలకాలము ఈ పద్ధతినే అనుసరించినవి. దీనిని చదువుట సులభము, మార్చుటయు సులభమే.

దీనిలో రెండు లోపములు కలవు. పెండ్లివారింట అన్నము ఉడికిన తరువాతనే పప్పు పొయ్యి వెలిగింతుమన్నచో భోజనమునకు మధ్యాహ్నము దాటును. ఒకదానితో ఒకటి సంబంధములేని సేవలు గూడ ఇట్లే వేచియుండును. ఇది మొదటి లోపము. రెండవది ఇంతకంటె పెద్దది. స్క్రిప్టు సేవను ప్రారంభించి వెడలిపోవును. పిమ్మట ఆ సేవ బ్రతికియున్నదో లేదో చూచువారు లేరు. దాని సంఖ్యను ఒక ఫైలులో వ్రాసియుంచుట వాడుక. కాని ప్రక్రియ మరణించిన తరువాత అదే సంఖ్య వేరొక ప్రక్రియకు దక్కవచ్చును. అపుడు ఆ ఫైలును నమ్మి ఆపుచేయబోయినచో, ఆగునది మరియొకటి కావచ్చును.

రెండు సమాధానములు

ఈ లోపములను తీర్చుటకు రెండు మార్గములు ఏర్పడినవి. మొదటి మార్గమునకు రనిట్, ఎస్‌సిక్స్ అనునవి ఉదాహరణములు. వీనియందు ప్రతి సేవకును ఒక చిన్న కాపలా ప్రోగ్రాము ఉండును. సేవ దాని బిడ్డయే గనుక, మరణవార్తను కెర్నెల్ వెంటనే దానికి తెలుపును. కాపలాదారు సేవను మరల ప్రారంభించును. సంఖ్యలు వ్రాసిన ఫైలుతో పనిలేదు. రనిట్‌లో ఒకటవ ప్రక్రియగా నడచు ప్రోగ్రాము కొన్ని వందల పంక్తులకు మించదు. ఉన్నది తక్కువ గనుక చెడునది తక్కువ అనుటయే ఇందలి సూత్రము.

రెండవ మార్గము సిస్టమ్‌డి. లెనార్ట్ పోటరింగ్, కే సీవర్స్ అనువారు దీనిని 2010లో ప్రారంభించిరి. 2008 ఆరంభమున లినక్స్ కెర్నెల్‌లో చేరిన సీగ్రూప్ అను ఏర్పాటును ఇది ఉపయోగించుకొనును. ఒక సేవకు పుట్టిన ప్రక్రియలన్నియు ఒకే ఖాతాలో చేరును. బిడ్డకు పుట్టిన బిడ్డ గూడ ఆ ఖాతా తప్పించుకొనజాలదు. కావున ఒక సేవను పూర్తిగా ఆపుట, అది వాడు మెమరీకి హద్దు పెట్టుట సాధ్యమగును. వేగమునకు వేరొక ఉపాయము కలదు. సేవలు వినవలసిన ద్వారములను సిస్టమ్‌డియే ముందుగా తెరచియుంచును. తపాలా పెట్టెలో పడిన ఉత్తరములు బంట్రోతు వచ్చువరకు వేచియున్నట్లు, సందేశములు కెర్నెల్ వద్ద నిలిచియుండును. కావున సేవలను ఒక్కసారిగా ప్రారంభింపవచ్చును.

ఇది 2011లో ఫెడోరాకును, 2015లో డెబియన్, ఉబుంటులకును మామూలు ఏర్పాటు అయినది. డెబియన్‌లో మాత్రము ఈ నిర్ణయము సులభముగా జరుగలేదు. 2014 ఫిబ్రవరిలో సాంకేతిక సంఘమున ఓట్లు సమానముగా చీలగా, అధ్యక్షుని నిర్ణాయక ఓటుతో సిస్టమ్‌డి నెగ్గినది. ఒకే సంస్థ చేతిలో ఇన్ని పనులు చేరుట సరికాదని తలచిన కొందరు వేరుపడి దేవువాన్ అను పంపిణీని రూపొందించిరి.

పెట్టెలలో ఇమిడిన కంప్యూటర్లు

చిన్న యంత్రములలో లెక్క మారును. 2002 చివర అమ్మకమునకు వచ్చిన లింక్‌సిస్ డబ్ల్యుఆర్‌టి 54జి రౌటరు తొలి రకములలో 4 మెగాబైట్ల ఫ్లాష్, 16 మెగాబైట్ల మెమరీ ఉండెను. ఇట్టి ఇరుకు గదికి బిజీబాక్స్ తగినది. 1995లో బ్రూస్ పెరెన్స్ ఒక్క ఫ్లాపీలో ఇముడునట్లు దీనిని మొదలుపెట్టెను. వందలాది ఆజ్ఞలు ఇందు ఒకే ఫైలుగా కూర్చబడినవి. చిన్న ఇనిట్ గూడ అందులోనిదే. అది అవసరమైన ప్రోగ్రాములను ప్రారంభించి, ముగిసినవానిని తిరిగి లేపును. అంతకు మించి ఎక్కువ చేయదు.

ఆ రౌటరులోని ప్రోగ్రాముల మూలరచనను, వాని లైసెన్సును అనుసరించి, 2003లో బయటపెట్టవలసి వచ్చినది. దాని ఆధారముగా 2004లో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి ఆరంభమైనది. 2014లో వెలువడిన దాని 14.07 కూర్పుతో ప్రోక్‌డి అను ఇనిట్ వచ్చినది. ఇది సేవలకు కాపలా కాయును. కొత్తగా తగిలించిన పరికరములను గుర్తించును. వాచ్‌డాగ్ అను యంత్రభాగమును గూడ చూచుకొనును. వాచ్‌డాగ్ ఒక గడియారము. నియమిత కాలములో ఇనిట్ దానిని తట్టనిచో అది యంత్రమును మొదటినుండి ప్రారంభింపజేయును. మనిషి చేరలేని కొండమీది వర్షమాపకమునకు ఇదియే వైద్యుడు. సిస్టమ్‌డి గూడ ఈ పని చేయగలదు. కాని దానికి స్థలము ఎక్కువ కావలెను.

తిరిగి లేపుట చాలునా?

అమరికలో తప్పున్న సేవను ఎన్నిమార్లు లేపినను అది మరల పడును. ఇచ్చటనే ఈ ప్రోగ్రాముల స్వభావములు బయటపడును. రనిట్ ఒక క్షణము ఆగి, విసుగులేక మరల లేపుచుండును. సిస్టమ్‌డిని తిరిగి లేపుమని ఆజ్ఞాపించినచో, మామూలు అమరికలో 10 సెకండ్లలో 5 మార్లకు మించినపుడు విరమించి, విఫలమైనదని నమోదు చేయును. ప్రోక్‌డి గూడ వెంటవెంట 5 ప్రయత్నములు విఫలమైనచో ఆగుట మామూలు. నెట్‌వర్కు రానందున పడిపోయిన సేవకు రనిట్ ఓపిక మేలు చేయును. అది వచ్చిన వెంటనే సేవ నిలబడును. నిజముగా తప్పున్నచోట ఆగి తెలుపుటయే మేలు, ఏలయనగా మరమ్మతు చేయువాడు చూచునది ఆ నమోదునే.

కావున ఏది గొప్పదని అడుగుటకంటె, సేవ పడిపోయినపుడు ఏమి జరుగవలెను, అపుడు దగ్గర ఎవరుందురు, స్థలమెంత అని అడుగుట యుక్తము. వందల సేవలు గల సర్వరుకు సిస్టమ్‌డి లెక్కలు, హద్దులు ఉపకరించును. రెండు మూడు పనులు గల చిన్న పెట్టెకు బిజీబాక్స్ ఇనిట్ చాలును. చిన్న యంత్రములకు లినక్స్ కూర్చు బిల్డ్‌రూట్ అను సాధనము ఈ రెండింటితో పాటు మరికొన్నిటిని గూడ ఎన్నుకొననిచ్చును. ఏదియు కోరనిచో బిజీబాక్స్ ఇనిట్‌నే తీసికొనును.

బడిలో లినక్స్ కంప్యూటరున్నచో విద్యార్థులు దీనిని స్వయముగా చూడవచ్చును. ప్రక్రియల పట్టికను తెరచి, 1 సంఖ్య ఎదుట ఉన్న పేరును వ్రాసికొనవలెను. పిమ్మట ప్రతి ప్రక్రియకును తల్లి యెవరో గుర్తించి వంశవృక్షము గీయవలెను. కెర్నెల్ సొంత ప్రక్రియలు తప్ప, ఏ కొమ్మ పట్టుకొని దిగినను చివరకు ఆ ఒకటవ సంఖ్య వద్దకే చేరుదురు.