పాత బండికి ఇంట్లో చేసుకోగల రిపేర్లు ఏవి? మిస్త్రీకి వదలాల్సినవి ఏవి?

కోతలు మొదలైతే ఊళ్లో బండికి తీరిక ఉండదు. పొద్దున కూరగాయలు మార్కెట్‌కు, మధ్యాహ్నం ఎరువు బస్తాలు, సాయంత్రం పశువులకు దాణా, బక్రీద్ ముందైతే మేకలు, పొట్టేళ్లు. గల్ఫ్‌లో ఉన్న కొడుకో అన్నో పంపిన డబ్బుతో సెకండ్ హ్యాండ్‌లో కొన్న టాటా 407 మీదే ఇల్లంతా నడిచే కుటుంబాలు ఉన్నాయి. అలాంటి ఇంట్లో బండి రెండు రోజులు ఆగిందంటే కిరాయి పోతుంది, కిస్తీ మాత్రం ఆగదు.

టాటా 407 మార్కెట్లోకి వచ్చింది 1986లో. అందులో పాత మోడళ్లు ఇంకా రోడ్డు మీద తిరగడానికి ఒక కారణం ఉంది. వాటి ఇంజిన్‌లో కంప్యూటర్ లేదు. డీజిల్ పంపు, ఇంజెక్టర్లు, ఫిల్టర్లు అన్నీ కంటికి కనిపించేవే, పానాతో విప్పగలిగేవే. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 బండ్లలో చాలా లోపాలు కనిపెట్టాలంటే స్కానర్ పెట్టాల్సిందే. పాత బండికి ఆ బాధ లేదు. ఒక సెట్టు రింగు పానాలు, గ్రీజు గన్, వైర్ బ్రష్, మంచి జాకీ ఉంటే సగం పనులు ఇంటి దగ్గరే అయిపోతాయి. మిగతా సగం ముట్టుకోకూడదు. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడుందో తెలియకపోతేనే ప్రమాదం.

తుప్పు ఎక్కడ మొదలవుతుంది?

డోరు మీద కనిపించే తుప్పు గురించి అందరూ బెంగపడతారు గానీ అది చిన్న సమస్య. అసలు తుప్పు కింద ఉంటుంది. ఛాసిస్ మూలల్లో బురద, గడ్డి ఇరుక్కుని నెలల తరబడి తడిగా ఉంటాయి. ఎరువు బస్తా చిరిగి రాలిన గుళికలు గాలిలోని తేమను లాక్కుని ఇనుమును తింటాయి. భీమవరం వైపు చేపలు, రొయ్యలు మోసే బండ్లకైతే ఐసు నీళ్లు, ఉప్పు కలిసి ఇంకా తొందరగా దెబ్బతీస్తాయి. అందుకే ఎరువు గానీ చేపలు గానీ దించిన రోజు బండి అడుగు భాగాన్ని మంచినీళ్లతో కడగడం అన్నిటికంటే చవకైన రిపేరు. ఆ పని పెయింట్ డబ్బా కొన్నంత ఆర్భాటంగా కనిపించదు కాబట్టి చాలామంది చేయరు.

పైపైన ఉన్న తుప్పును వైర్ బ్రష్‌తో, ఎమెరీ పేపర్‌తో మెరిసే ఇనుము కనిపించేదాకా గీకాలి. తడి పూర్తిగా ఆరాక రెడ్ ఆక్సైడ్ కొట్టి, దానిమీద ఎనామిల్ పెయింట్ వేయాలి. తుప్పు మీదే పెయింట్ వేస్తే లోపల అది పెరుగుతూనే ఉంటుంది. ఛాసిస్ మీద అనుమానం ఉంటే స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడిచి చూడాలి. ఖంగుమని మోగితే భయం లేదు. పొరలు పొరలుగా ఊడినా, మొన లోపలికి దిగినా అక్కడితో ఇంటి పని ఆపేయాలి. ఆ చోట పుట్టీ పెట్టి రంగు వేయడమంటే విరిగిన ఎముకకు సున్నం పూసినట్టే.

పొద్దున్నే స్టార్ట్ కాకపోతే

సెల్ఫ్ 'టక్ టక్' మని ఊరుకుంటే ముందు బ్యాటరీ టెర్మినళ్లు చూడాలి. వాటి మీద తెల్లగా, పచ్చగా పేరుకున్న పొడి కరెంటును అడ్డుకుంటుంది. వైర్లు విప్పి, వంటసోడా కలిపిన వేడి నీళ్లతో కడిగి, ఆరాక బిగించి, పైన కాస్త వాజిలిన్ రాస్తే చాలు. కొత్త బ్యాటరీ కొనేముందు చేయాల్సిన పని ఇది.

సెల్ఫ్ గట్టిగా తిరుగుతున్నా ఇంజిన్ అందుకోవడం లేదంటే డీజిల్ లైన్‌లో గాలి చేరి ఉండొచ్చు. ట్యాంకు ఖాళీ అయ్యేదాకా నడిపినా, ఫిల్టర్ మార్చినా ఇలా జరుగుతుంది. ఫిల్టర్ పైన ఉండే ఎయిర్ స్క్రూను కొద్దిగా వదులు చేసి, చేతి పంపు కొడుతూ ఉండాలి. ముందు నురగ, బుడగలు వస్తాయి. బుడగలు లేకుండా డీజిల్ ధారగా వచ్చినప్పుడు, పంపు కొడుతూనే స్క్రూ బిగించాలి. పది నిమిషాల పని. ఇది తెలియక మిస్త్రీ కోసం సగం రోజు ఎదురుచూసేవాళ్లు ఎందరో. ఫిల్టర్ అడుగున చేరిన నీళ్లను కూడా అప్పుడప్పుడు వదిలేయాలి. రాత్రి ట్యాంకు నిండుగా ఉంచితే లోపల తేమ పట్టడం, తుప్పు రావడం తగ్గుతాయి.

పొగ రంగు కూడా చాలా చెబుతుంది. నల్లగా వస్తే గాలి తక్కువ, డీజిల్ ఎక్కువ అవుతోందని అర్థం. ఇంజెక్టర్లు విప్పించే ముందు ఎయిర్ క్లీనర్ దుమ్ముతో మూసుకుపోయిందేమో చూడాలి. నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ కాలిపోతున్నట్టు. అది ఇంట్లో తేలే పని కాదు. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకుండా వస్తూ, రేడియేటర్‌లో నీళ్లు తగ్గిపోతుంటే వెంటనే చూపించాలి. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోసే అలవాటు మానుకుంటే మేలు. ఆ నీళ్లలోని సున్నం గొట్టాల్లో గట్టిపడి ఇంజిన్ వేడెక్కుతుంది. ఇక వేడిగా ఉన్నప్పుడు మూత తీసి చేతులు, ముఖం కాల్చుకున్నవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు.

ముట్టుకోకూడనివి

బ్రేకులు, స్టీరింగ్, ఛాసిస్ వెల్డింగ్. ఈ మూడూ ఉస్తాద్ పనులే. బ్రేకు రెండుమూడు సార్లు తొక్కితే గానీ పట్టడం లేదంటే ఎక్కడో లీకు ఉంది, లేదా లైన్‌లో గాలి ఉంది. అలాంటప్పుడు "మార్కెట్‌కు ఒక్క ట్రిప్పే కదా" అనుకోకూడదు. బ్రేక్ ఆయిల్ బదులు ఇంజిన్ ఆయిల్ పోస్తే లోపలి రబ్బర్లు ఉబ్బి, బ్రేకులు మొత్తానికే చెడతాయి.

వెల్డింగ్ చేయించేటప్పుడు బ్యాటరీ వైర్లు తీసేశారో లేదో బండి ఓనర్ స్వయంగా చూసుకోవాలి, లేకపోతే ఆల్టర్నేటర్ కాలిపోవచ్చు. డీజిల్ ట్యాంకుకు చిల్లు పడితే "ఖాళీ చేశాంగా, అతికించెయ్" అనడం మహా ప్రమాదం. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరి నిప్పు తగలగానే పేలుతుంది. ఆ పని ట్యాంకులు, రేడియేటర్లు చేసే షాపుకే ఇవ్వాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందకు దూరడం కూడా అంతే. గట్టి నేల మీద, చక్రాలకు అడ్డం పెట్టి, ఛాసిస్ కింద గట్టి కర్ర దిమ్మెలు ఆనించాకే కిందకు వెళ్లాలి. పిల్లలు చుట్టుపక్కల ఆడుతుంటే అసలు వద్దు.

పార్టుల విషయానికొస్తే, విజయవాడ ఆటోనగర్, సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి చోట్ల పాత మోడళ్ల సామాను ఇంకా దొరుకుతుంది. డోర్లు, బంపర్లు, కమాను పట్టీలు చూసి పాతవి కొన్నా నడుస్తుంది. బ్రేక్ రబ్బర్లు, హోస్ పైపులు మాత్రం కొత్తవే తీసుకోవాలి.

కాగితాలు కూడా బండిలో భాగమే. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. 15 ఏళ్లు దాటిన బండ్లకు ఈ ఫీజులు 2022 ఏప్రిల్ నుంచి బాగా పెరిగాయి. కాబట్టి రిపేరు ఖర్చుతో పాటు ఇది కూడా లెక్కేసుకుని, ఇంకో ఏడాది నడపాలా, స్క్రాప్‌కు ఇవ్వాలా అన్నది ఇంట్లో కూర్చుని తేల్చుకోవాలి. గూడ్స్ బండి వెనక కూలీలను, పెళ్లివాళ్లను ఎక్కించుకునే అలవాటు ఉన్నవాళ్లు ఇన్సూరెన్స్ కాగితం ఒకసారి చదివించుకోవాలి. సరుకు యజమానినో ఆయన మనిషినో తప్ప, ఊరికే ఎక్కి ప్రయాణించేవాళ్ల బాధ్యత ఇన్సూరెన్స్ కంపెనీది కాదని సుప్రీంకోర్టు చాలా ఏళ్ల కిందటే తేల్చింది. ప్రమాదం జరిగితే ఆ నష్టపరిహారం బండి ఓనర్ మెడకే చుట్టుకుంటుంది.