రోగాన్ని దాచవద్దు, రోగిని వదలవద్దు

మద్రసాలో ప్రతి సంవత్సరం క్రయవిక్రయాల అధ్యాయం బోధించేటప్పుడు మేము విద్యార్థులకు ఒక సంఘటనను తప్పక వివరిస్తాము. దైవప్రవక్త (స) మదీనా అంగడిలో ఒక ధాన్యపు రాశి వద్ద ఆగి, అందులోకి చేయి పోనిచ్చారు. పైన గింజలు పొడిగా ఉన్నాయి, లోపల తడి తగిలింది. వానకు తడిసిందని వర్తకుడు విన్నవించుకున్నాడు. ఆ తడిసిన గింజలను కొనేవారికి కనబడేలా పైనే ఎందుకు ఉంచలేదని ఆయన (స) ప్రశ్నించారు. మోసగించేవాడు తమవాడు కాడని హెచ్చరించారు.

ఏళ్ళ తరబడి ఈ పాఠం చెబుతూ వచ్చిన మాకు, దాని పరీక్ష మా ఇంటి గడపలోనే ఎదురవుతుందని తోచలేదు.

మాకు పన్నెండేళ్ళుగా షుగరు వ్యాధి ఉంది. పెద్దబ్బాయికి బెంగుళూరులో ఉద్యోగం వచ్చాక కుటుంబ ఆదాయం పరిమితి దాటి, మేము ప్రభుత్వ ఆరోగ్య పథకానికి దూరమయ్యాము. ఆరోగ్య బీమా తీసుకుందామని అబ్బాయి పట్టుబట్టి, జమ్మలమడుగులోని మా ఇంటికి ఒక ఏజెంటును పంపించాడు. ఆ యువకుడు మర్యాదస్తుడే. ఫారం నింపుతూ షుగరు, బీపీ గురించిన గడి వద్దకు రాగానే కలం ఆపి, "హజ్రత్, ఇక్కడ లేదని రాసేద్దాం. అందరూ అట్లనే రాస్తారు. ఉందని రాస్తే ప్రీమియం పెరుగుతుంది, మూడేండ్లు ఆగాల్సొస్తుంది" అన్నాడు.

మా కళ్ళ ముందు ఆ ధాన్యపు రాశి మెదిలింది. "ఉంది" అనే రాయించాము. అతడు చెప్పినట్లే జరిగింది. కంపెనీ ప్రీమియం పెంచింది. షుగరుకు సంబంధించిన చికిత్సలకు మూడేళ్ళ నిరీక్షణ విధించింది.

'లేదు' అన్న మాటకు చెల్లించిన వెల

ప్రొద్దుటూరులో మాకు తెలిసిన ఒక బట్టల వ్యాపారి కుటుంబం ఉంది. వారి ఫారంలో ఏజెంటు "లేదు" అని రాశాడు, ఇంటిపెద్ద చదవకుండానే సంతకం చేశారు. రెండవ సంవత్సరంలో ఆయనకు గుండెజబ్బు వచ్చింది. ఆసుపత్రి కాగితాలలో పాత షుగరు మందుల చీటీలు బయటపడ్డాయి. వ్యాధిని దాచారన్న కారణంతో కంపెనీ క్లెయిమును తిరస్కరించింది. ఇంట్లోని బంగారం అమ్మి బిల్లు కట్టారు. ఏజెంటు ఫోను ఎత్తలేదు. ఫారం మీద ఉన్నది ఆయన సంతకమే కాబట్టి జవాబు చెప్పుకోవలసిందీ ఆయనే అయింది.

మన దేశంలో నిబంధన ఇలా ఉంది. పాలసీ తీసుకునే నాటికి ముందు 36 నెలలలో వైద్యుడు నిర్ధారించిన, లేదా చికిత్స చేసిన వ్యాధిని ముందునుంచే ఉన్న వ్యాధిగా లెక్కిస్తారు. దానికి నిరీక్షణ కాలం గతంలో 48 నెలల వరకు ఉండేది. బీమా నియంత్రణ సంస్థ 2024 ఏప్రిల్ నుంచి దానిని 36 నెలలకు తగ్గించింది. పాలసీ 60 నెలలు నిరంతరాయంగా సాగితే, ఆ తరువాత వివరాలు చెప్పలేదన్న సాకుతో క్లెయిమును తిరస్కరించరాదు. అయితే మోసం రుజువైతే ఈ రక్షణ వర్తించదు.

వాణిజ్య బీమా ధర్మసమ్మతమా అన్నది వేరే చర్చ. జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీయ ఫిఖ్‌హ్ అకాడమీ 1985లో వాణిజ్య బీమాలోని అనిశ్చితిని ఆక్షేపించి, పరస్పర సహకార పద్ధతిని ఆమోదించింది. మన దేశపు ఉలమాలలో అవసరాన్ని బట్టి భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. పాఠకులు తమకు నమ్మకమైన ముఫ్తీని సంప్రదించాలి. అయితే ఫారంలో అబద్ధం రాయవచ్చని చెప్పే ఆలిమ్ ఎవరూ లేరు.

పాత జబ్బును అడగని పథకం

బీమా కంపెనీ వాదనలోనూ కొంత న్యాయం ఉంది. జబ్బు వచ్చాకే అందరూ చేరితే నిధి నిలవదు. దీనికి పరిష్కారం ఒక్కటే. ఆరోగ్యవంతులు, రోగులు అందరూ ముందే ఒకే గొడుగు కిందికి రావాలి. అమెరికాలో 2010లో చేసిన చట్టం, పాత జబ్బు పేరిట బీమా నిరాకరించరాదని 2014 నుంచి కట్టడి చేసింది. దానితోపాటే ప్రతి ఒక్కరూ బీమా తీసుకోవాలన్న నియమాన్ని పెట్టింది. దానిపై అక్కడి పార్టీలు నేటికీ తగవులాడుకుంటూనే ఉన్నాయి.

మన ప్రాంతం ఈ విషయంలో వెనుకబడలేదు. రాజకీయాలలోకి రాకముందు మన జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో వైద్యుడిగా పనిచేసిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి, ముఖ్యమంత్రిగా 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీని అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాలలో ప్రారంభించారు. పేద కుటుంబాలన్నీ అందులో భాగం. వారు ప్రీమియం కట్టనక్కర లేదు, పాత జబ్బులకు నిరీక్షణ లేదు. తొలి దశ బీమా కంపెనీ ద్వారా నడిచింది. 2008 జూలైలో మొదలైన రెండవ దశను ప్రభుత్వ ట్రస్టే నేరుగా నిర్వహించింది. 2018లో వచ్చిన కేంద్ర పథకం ఆయుష్మాన్ భారత్ కూడా తొలిరోజు నుంచే పాత జబ్బులకు చికిత్స ఇస్తుంది.

2024లో ప్రభుత్వం మారాక పథకం పేరు ఎన్టీఆర్ వైద్య సేవ అయింది. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం సార్వత్రిక ఆరోగ్య విధానాన్ని ఆమోదించింది. 1.63 కోట్ల కుటుంబాలకు ఏటా 2.5 లక్షల రూపాయల వరకు బీమా కంపెనీల ద్వారా, పేద కుటుంబాలకు ఆపై 25 లక్షల వరకు ట్రస్టు ద్వారా చికిత్స అందించాలన్నది దాని సారాంశం. లాభం చూసుకునే కంపెనీ రోగిని గడపలోనే ఆపుతుందని ఒక పక్షం అంటోంది. కంపెనీకి ముందే ప్రీమియం చెల్లిస్తాం కాబట్టి అనుమతులు, చెల్లింపులు వేగంగా జరుగుతాయని మరొక పక్షం అంటోంది. బకాయిలు అందలేదని 2025 అక్టోబరులో ప్రైవేటు ఆసుపత్రులు సేవలు నిలిపివేసిన సంగతి మనం చూశాము.

మేము పార్టీల జోలికి పోము. ఏ పార్టీ వారు ఓటు కోసం మన వీధికి వచ్చినా మూడు ప్రశ్నలు అడగాలని మాత్రం కోరుతున్నాము. పాత జబ్బుకు తొలిరోజు నుంచే చికిత్స అందుతుందా? అనుమతి నిరాకరిస్తే రోగి ఎవరికి మొరపెట్టుకోవాలి? ఆసుపత్రి బకాయిల భారం రోగిపై పడకుండా ఎవరు చూస్తారు?

మన ఇంట్లో చేయవలసింది

ఫారాన్ని మీరే చదివి, మీరే నింపండి. చదువు రాకపోతే పిల్లలతో చదివించుకోండి. వేసుకునే మందులన్నీ రాయండి. సంతకం చేసిన ఫారం నకలు దాచుకోండి. గడువు దాటకుండా ఏటా పాలసీని పునరుద్ధరించండి. క్లెయిము తిరస్కరణ అన్యాయమనిపిస్తే ముందు కంపెనీకి ఫిర్యాదు చేయండి. అక్కడ న్యాయం జరగకపోతే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించండి, రుసుము ఉండదు. ఇంట్లో 70 ఏళ్ళు నిండిన పెద్దలుంటే, ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద ఏటా 5 లక్షల వరకు చికిత్స ఉందని గుర్తుంచుకోండి.

మస్జిద్ కమిటీలకూ ఒక విన్నపం. నిరీక్షణ కాలంలో చిక్కుకున్న రోగి మన వీధిలోనే ఉండవచ్చు. అర్హులైతే జకాత్ నుంచి, కాకపోతే సదకా నుంచి ఆదుకునే చిన్న నిధిని ప్రతి మహల్లాలో ఏర్పరచవచ్చు.

మా మూడేళ్ళ గడువు ఇంకా తీరలేదు. మందులు వేసుకుంటూ, ఫజ్ర్ తరువాత మైలవరం రోడ్డున నడుస్తూ రోజులు లెక్కిస్తున్నాము. ఫారంలో నిజమే రాశామన్న నిశ్చింత మాత్రం ఉంది. అల్లాహ్ రోగులకు స్వస్థతను, పాలకులకు కరుణను, మనందరికీ సత్యం పలికే ధైర్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.