తాళం వదలని చేతులు

కిందటి సంక్రాంతికి మా మేనమామ మా ఇంటికి వచ్చారు. ఆయన నలభై ఏళ్ళు కచ్చేరీలలో మృదంగం వాయించిన మనిషి. కీళ్ళనొప్పులతో వేళ్ళు వంగక వాయించడం మానుకున్నారు గాని, వినడం మానుకోలేదు. పండుగ ముందురోజు సాయంత్రం నేను వంటింట్లో అరిసెల పాకం దగ్గర నిలబడి వుండగా, ముందుగదిలోనుంచి ఏదో దొరల బ్యాండు వినవచ్చింది. మా అమ్మాయి సెలవులకు వచ్చినప్పుడల్లా ఇదే వరస.

"పెద్దవాళ్ళున్నారు, ఆ గోల కట్టెయ్యవే!" అని కేక వెయ్యబోతూ గుమ్మందాకా వచ్చి ఆగిపోయాను. మావయ్య కళ్ళు మూసుకుని కూర్చున్నారు. కుర్చీ చేతిమీద ఆయన వేళ్ళు కదులుతున్నాయి.

"ఐదక్షరాలే అమ్మాయీ! అచ్చంగా ఖండచాపు. కాకపోతే మనం 'తక తకిట' అంటాం. వీళ్ళు తిరగేసి 'తకిట తక' అంటున్నారు. ఎవరే వీళ్ళు?" అన్నారు.

మా అమ్మాయి గర్వంగా చెప్పింది. అమెరికాలో డేవ్ బ్రూబెక్ అనే పియానో విద్వాంసుడు, ఆయన జట్టూ వాయించిన జాజ్ అట. పేరు 'టేక్ ఫైవ్'. జాజ్ అంటే నాకున్న అభిప్రాయం ఏమంటే, నలుగురు మనుషులు ఒకరి మాట ఒకరు వినకుండా ఒకేసారి మాట్లాడటం. అదెంత తప్పో ఆ పూట తెలిసింది. ఆ తరువాత మా అమ్మాయి సాయంతో చదివినదీ, పదేపదే విన్నదీ కలిపి ఇక్కడ మీకు చెబుతున్నాను. నాలాంటి అభిప్రాయమే వున్న గృహిణులు మరికొందరు వుండకపోరు.

'టేక్ ఫైవ్' 1959 జూలై 1న న్యూయార్కులో రికార్డు అయింది. నిడివి ఐదు నిమిషాల పైచిల్లర. అందులో మనుషులు నలుగురే. ముందుగా జో మోరెల్లో డ్రమ్ములు మెల్లగా ఐదు లెక్క మొదలుపెడతాయి. ఆ లెక్కమీద బ్రూబెక్ పియానో వచ్చి కూర్చుంటుంది. యూజీన్ రైట్ అనే ఆయన నిలువెత్తు ఫిడేలులాంటి బేస్ వాద్యాన్ని వేళ్ళతో మీటుతూ కింద పునాది వేస్తాడు. ఇల్లు సిద్ధమయిన తరువాత అల్లుడు వచ్చినట్టు, పాల్ డెస్మండ్ సాక్సఫోను మీద అసలు పాట అందుకుంటాడు. ఆ స్వరకల్పన కూడా డెస్మండ్‌దే. కచ్చేరీలకు ముందు మోరెల్లో తనపాటికి తాను ఐదు లెక్కలో వాయించుకుంటూ వుండేవాడట. దానికి రెండు చిన్న వరుసలు కట్టి తెచ్చాడు డెస్మండ్. వాటిని ముందువెనుకలు అమర్చి ఒక రూపానికి తెచ్చినవాడు బ్రూబెక్.

ఇప్పుడు అసలు సంగతి. ఆ బ్యాండు బ్రూబెక్ పేరు మీదే నడిచింది. పట్టీమీద పేరు ఆయనది. అయినా ఆ జట్టుకు లోకమంతటా పేరు తెచ్చిన ఈ రికార్డులో ఆయన తన పాండిత్యం చూపించుకునే ఆవర్తం ఒక్కటీ లేదు! రెండే రెండు స్వరగుచ్ఛాలు — నాలుగైదు మెట్లు ఒకేసారి నొక్కితే పలికే నాదాన్ని అట్లా అంటున్నాను — వాటిని ఉయ్యాల ఊపినట్టు అటూ ఇటూ ఊపుతూ వుంటాడు. నడుమ పాట మరో వరుసకు మళ్ళినప్పుడు దానితోపాటు తానూ మళ్ళి, మళ్ళీ ఉయ్యాల దగ్గరికి వస్తాడు. డెస్మండ్ మనోధర్మానికి ఆ ఉయ్యాలే ఆధారం. తరువాత మోరెల్లో వంతు. డ్రమ్ములు చాలాసేపు తామే మాట్లాడతాయి. అప్పుడు కూడా పియానో ఆగదు. అదే ఉయ్యాల.

మావయ్య ముచ్చటపడిందీ దానికే. "తని ఆవర్తనంలో గాయకుడు తాళం వెయ్యడం లేదూ? ఇదీ అంతే. ఉత్తరాదివాళ్ళు తబలా వాయించేటప్పుడు సారంగిమీద ఒకే ముక్క తిప్పి తిప్పి వాయిస్తారు, లెహరా అంటారు. ఇది సరిగ్గా అదే" అన్నారు. డ్రమ్ము విద్వాంసుణ్ణి కూడా మెచ్చుకున్నారు. చేతిలో ఎంత వున్నా, ఒక్కొక్క దెబ్బ వేసి ఆగుతాడు. ఆ ఖాళీలో ఉయ్యాల చప్పుడు మనకు వినబడనిస్తాడు. కింద లెక్క తప్పదన్న భరోసా వుంటేనే ఆ ధైర్యం వస్తుందిట.

అట్లాగని బ్రూబెక్‌కు చేతకాక వెనక వున్నాడనుకోకండి. ఆయన 1920 డిసెంబరు 6న కాలిఫోర్నియాలో పుట్టాడు. తండ్రి పశువుల మందలు సాకే ఆసామి; తల్లి పియానో పంతులమ్మ. పిల్లవాడికి పుట్టుకతోనే చూపు సరిగా లేదు. కాగితం మీది స్వరాలు చదవడం అబ్బలేదు. విని వాయించేస్తూ, చదువుతున్నట్టు నటించి తల్లిని మాయచేశాడు. పశువుల వైద్యం చదవడానికి కాలేజీలో చేరి, మనసంతా సంగీతశాఖలోనే వుండటంవల్ల అటు మారాడు. స్వరలిపి చదవడం రాదన్న సంగతి చివరికి బయటపడింది. కొందరు ఉపాధ్యాయులు అతని ప్రతిభ ఎరిగి అడ్డుపడ్డారు. పియానో పాఠాలు ఎన్నడూ చెప్పనని మాట పుచ్చుకుని 1942లో పట్టా ఇచ్చారు!

లయ ఆయనకు బడిలో వచ్చింది కాదు. చిన్నతనంలో ఒంటరిగా గుర్రం మీద పొలాల వెంట పోతూ, డెక్కల చప్పుడు ఒక నడకలో సాగుతూ వుంటే తాను మనసులో మరొక నడక పట్టేవాడట. అందుకనే ఆయన పియానోలో ఎడమచెయ్యి నాలుగు లెక్కపెడుతూ వుంటే కుడిచెయ్యి మూడు లెక్కపెట్టడం తరచు వింటాం. యుద్ధం తరువాత ఫ్రెంచి స్వరకర్త దారియస్ మియో దగ్గర చదువుకున్నాడు. రెండు చేతులూ రెండు శ్రుతులలో పలికించడమనే ముచ్చట ఆయన దగ్గరే బలపడింది. ఆ గురువు మీది భక్తితో పెద్దకొడుక్కి దారియస్ అని పేరు పెట్టుకున్నాడు.

పియానోను మోతగా బాదుతాడని ఆయనమీద విమర్శకులు ఫిర్యాదు చేస్తూండేవారు. అది పూర్తిగా అబద్ధమూ కాదు. ఆయన వాయింపు ఒంటి స్వరాలతో సన్నగా మొదలై, క్రమంగా చిక్కబడి, చివరికి రెండు చేతులనిండా స్వరాలతో గోడ కట్టినట్టు లేస్తుంది. కాని దాని వెనుక ఒక కష్టం వుంది. 1951లో హవాయిలో సముద్రంలోకి దూకినప్పుడు ఇసుకదిబ్బ తగిలి మెడ దెబ్బతిన్నది. చాలా ఏళ్ళు చేతుల్లో నరాల నొప్పి బాధించింది. వేళ్ళు చకచకా పరుగెత్తని రోజుల్లో, గుచ్ఛాలు గుచ్ఛాలుగా వాయించడం ఎక్కువ చేసుకున్నాడు. ఇది చదివి వినిపిస్తే మావయ్య తన వేళ్ళకేసి చూసుకున్నారు. ఏమీ అనలేదు.

ఆ బరువుకు తగిన జోడు డెస్మండ్. ఆయన సాక్సఫోను గొంతు ఊపిరిలా తేలికగా వుంటుంది. ఒకరిది రాతికట్టడం, ఒకరిది దాని మీద పాకిన మల్లెతీగ. రాయి లేకపోతే తీగ నేలపాలు. తీగ లేకపోతే రాయి మోటు. 1951లో మొదలైన వీరి జట్టులోకి మోరెల్లో 1956లో వచ్చాడు. ఆయన డ్రమ్ముల ఉధృతం డెస్మండ్‌కు మొదట్లో బొత్తిగా గిట్టలేదు. ఇద్దరిలో ఒకరే వుండాలన్నంతదాకా వచ్చింది. బ్రూబెక్ ఇద్దరినీ వదలలేదు. ఆ కిట్టని ఇద్దరి మధ్యనుంచే మూడేళ్ళకు 'టేక్ ఫైవ్' పుట్టింది. ఉమ్మడి కుటుంబాలు నడిపినవారికి ఇందులోని కిటుకు వేరే చెప్పనక్కరలేదు.

1958లో అమెరికా ప్రభుత్వం ఈ నలుగురినీ పోలండు, టర్కీ, ఇండియా, సిలోను, ఇరాను, ఇరాకు మొదలైన దేశాలకు పంపింది. ఇస్తాంబుల్ వీధుల్లో తొమ్మిది లెక్కలో వాయిస్తూ వుంటే విని బ్రూబెక్ ఆశ్చర్యపోయాడు. దానితో తరువాత 'బ్లూ రొండో అలా టర్క్' అనే రచన చేశాడు. దాని నడక మన జతిలో చెప్పాలంటే 'తక తక తక తకిట' మూడుసార్లు, ఆపైన 'తకిట తకిట తకిట' ఒకసారి. చెప్పుకుంటూ చేత్తో వేసి చూడండి, సరదాగా వుంటుంది. మన దేశంలో కూడా ఎందరో విద్వాంసులను కలుసుకున్నారు. మద్రాసులో మృదంగ విద్వాన్ పళని సుబ్రహ్మణ్య పిళ్ళైగారితో కలిసి వాయించారు. ఆ పేరు వినగానే మావయ్య కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "పిళ్ళైగారి చెయ్యి విన్నవాళ్ళా వీళ్ళు! మరి ఐదు రాదూ?" అన్నారు. అంతటి నమ్మకం నేను మీకు ఇవ్వలేను గాని, ఆ ప్రయాణం వాళ్ళ చెవులు తెరిపించిందన్నది నిజం.

తిరిగివచ్చిన మరుసటి యేడు, మామూలు నాలుగు లెక్క విడిచి విడ్డూరపు తాళాలతో 'టైమ్ అవుట్' అనే రికార్డు చేశారు. ఇటువంటివి ఎవరు కొంటారని అమ్మేవాళ్ళు సణిగారు. పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది!

కాని ఆ తాళం వదలని చెయ్యి వేదిక దిగిన తరువాత ఏం చేసిందో చెప్పకపోతే ఈ కథ సగమే అవుతుంది. నలుగురిలో యూజీన్ రైట్ నల్లజాతివాడు. 1958 ఫిబ్రవరిలో, అంటే దేశం తరపున విదేశాలకు బయలుదేరే ముందే, నార్త్ కరొలైనాలో ఒక కళాశాలలో కచ్చేరీ. నల్లవాడు వేదిక ఎక్కడానికి వీల్లేదన్నారు. ఆయన లేకపోతే మేమూ ఎక్కమన్నాడు బ్రూబెక్. కూర్చున్న విద్యార్థులు గోల చేయసాగారు. చివరికి రైట్ వెనకాల కనబడకుండా వుండేట్టు ఒప్పందం కుదిరింది. బ్రూబెక్ సరేనన్నాడు. తీరా వాయించేటప్పుడు, "నీ మైకు చెడిపోయింది, ముందుకు వచ్చి నా మైకు దగ్గర వాయించు" అని రైటును అందరి ముందుకూ పిలిచాడు!

1960లో దక్షిణాది కళాశాలల్లో పాతిక కచ్చేరీలు కుదిరాయి. రైటుకు బదులు తెల్లవాణ్ణి తెచ్చుకోవాలని షరతు పెట్టారు. ఆయన ఒప్పుకోలేదు. ఇరవైకి పైగా కచ్చేరీలు రద్దయిపోయాయి. పిల్లలు గలవాడు, చేతికి వచ్చిన డబ్బు వదులుకున్నాడు. ఈ పట్టుదలకు మూలం ఆయనే చెప్పాడు. చిన్నప్పుడు తండ్రి ఒక నల్లజాతి పశువులకాపరి దగ్గరకు తీసుకువెళ్ళి, చొక్కా విప్పి చూపించమన్నాడట. అతని గుండెలమీద పశువుకు వేసినట్టు వాత! ఎనభయ్యో పడికి చేరువైన వయసులో కెమెరా ముందు ఆ సంగతి చెబుతూ ఆయన కంటతడి పెట్టుకున్నాడు.

జట్టు 1967 చివర విడిపోయింది. డెస్మండ్ 1977లో పోతూ 'టేక్ ఫైవ్' మీద వచ్చే రాబడిని అమెరికా రెడ్‌క్రాస్‌కు రాసి ఇచ్చాడు. మోరెల్లో 2011లో పోయాడు. బ్రూబెక్ 2012 డిసెంబరు 5న, తొంభైరెండో పుట్టినరోజుకు ఒక్కరోజు ముందు కన్నుమూశాడు. అందరికన్న వెనుక, 2020లో వెళ్ళినవాడు రైట్.

ఆనాటి సాయంత్రానికి మళ్ళీ వస్తాను. డ్రమ్ముల వంతు అయిపోయి డెస్మండ్ పాట తిరిగి అందుకున్నాక మావయ్య కళ్ళు తెరిచి అన్నారు: "నలభై ఏళ్ళలో నా తనికి తాళం సరిగా వేసిన గాయకులు కొద్దిమందేనే అమ్మాయీ. కొందరు ఫిడేలాయనతో కబుర్లు. కొందరు మంచినీళ్ళు. ఎదటి జనం సరేసరి. మృదంగం మొదలుకాగానే కాఫీకి లేచేవారు."

నాకు తల ఎత్తడం కష్టమయింది. చిన్నప్పుడు మావయ్య కచ్చేరీలకు మా అమ్మ వెంట వెళ్ళేదాన్ని. ఆయన తని మొదలు కాగానే, వేయించిన వేరుశనగలకోసం మొదట లేచేది నేనే. ఆయనకు అది గుర్తుందో లేదో అడగలేదు.

"ఆ డ్రమ్ముల దగ్గరనుంచి మళ్ళీ పెట్టవే" అని మా అమ్మాయికి చెప్పి, మావయ్య పక్కన చాపమీద కూర్చున్నాను. తకిట తక, తకిట తక అంటూ చివరిదాకా చేత్తో తాళం వేశాను. రెండుచోట్ల తప్పాను. ఆయన చూసి నవ్వారు గాని, తన తాళం ఆపలేదు. అది పట్టుకుని నేను మళ్ళీ దారిలో పడ్డాను.

ఈలోగా పొయ్యిమీద పాకం ముదిరిపోయింది. కిందటి సంక్రాంతికి మా ఇంట్లో అరిసెలు కాస్త గట్టిగానే వున్నాయి. మావయ్యకు పళ్ళు లేవు. అయినా రెండు తిన్నారు.